అరచేతి మేర

బెజవాడ ఆటోనగర్ మూడో రోడ్డులో ఆ ఉదయం ఒక సరుకుబండి దారి తప్పి వచ్చి మస్తాన్‌బీ షెడ్డు గోడను గుద్దింది. తమంతట తామే నడిచే ఈ తానుబండ్లు దారి తప్పడం ఏడాదికోసారి కూడా జరగని వింత. అయినా మస్తాన్‌బీ చేతిలో టీ గ్లాసు కింద పెట్టలేదు. గోడకు జానెడు గంటు పడింది. ఆవిడ నాలుగు గుక్కలు తాగేలోపు గంటు అంచులు దగ్గరకు జరిగి, సన్నబడి, మాయమైపోయాయి. బండి ముక్కుకు పడ్డ సొట్ట కూడా ఉబికి సర్దుకుంది. బండి మర్యాదగా క్షమాపణ చెప్పుకుని తన దారిన పోయింది.

"గుద్దినట్టు సాక్ష్యం కూడా ఉండదు కదా" అనుకుంది మస్తాన్‌బీ, గోడ వంక చూసి.

రెండువేల తొంభై మూడో సంవత్సరంలో ఎవరి గోడైనా అంతే. మానుపొర వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఒంటి మీద గాయం మానినట్టు వస్తువులు వాటంతట అవే మానడం మొదలుపెట్టాక అరుగుదల అన్నది లోకంలోంచి లేచిపోయింది. చెప్పులు అరగవు, మెట్లు అరగవు, గిన్నెలకు సొట్టలు పడవు. అమ్మమ్మ పెళ్ళికి కొన్న మంచం మనవరాలి పెళ్ళికీ కొత్తగానే ఉంటుంది. ఒకప్పుడు ఆటోనగర్‌లో సుత్తుల మోతకు పక్కమనిషి మాట వినపడేది కాదని మస్తాన్‌బీకి వాళ్ళ నానమ్మ చెప్పేది. ఆ నానమ్మ పేరే ఈవిడకు పెట్టారు. వాళ్ళది తరతరాలుగా కార్లకు సీటు కవర్లు కుట్టిన కుటుంబం. కుట్టడానికి సీట్లు చిరగడం మానేశాక, మానుపొర రాకముందు తయారైన పాత వస్తువుల మీద ఆ పొర పరిచే పని పట్టుకుంది మస్తాన్‌బీ. రోడ్డు మొత్తానికి ఆ పని తెలిసినది ఇప్పుడు ఆవిడొక్కతే.

చూడటానికి సులువుగా ఉంటుంది గానీ చాలా ఓపిక కావలసిన పని. పొర తడి అరిటాకంత పలచన. వెచ్చదీపం కింద మెత్తబడగానే వస్తువు మీద పరిచి చేతులతో అద్దాలి. అద్దిన నలభై నిమిషాల్లో అది ఏ ఆకారంలో స్థిరపడితే అదే దానికి తొలిరూపు. ఆ తర్వాత ఎవరు గీకినా పొడిచినా మళ్ళీ ఆ తొలిరూపుకే వచ్చి నిలబడుతుంది. అందుకని ముందుగా పాత వస్తువు పగుళ్ళన్నీ పుట్టీతో పూడ్చి, అద్దంలా రుద్ది, అప్పుడు పరచాలి. పూడ్చకుండా పరిస్తే పొర పగుళ్ళలోకి దిగి, ఆ పగుళ్ళే తొలిరూపై కూర్చుంటాయి. ఇక చచ్చినా పోవు. పనివాళ్ళు దాన్ని 'గుంట పట్టడం' అంటారు. ఫలానావాడి పని గుంట పట్టిందట అంటే వాడి పరువు పోయినట్టే. ఇరవై ఆరేళ్ళలో మస్తాన్‌బీ పని ఒక్కటీ గుంట పట్టలేదు.

పదకొండు గంటలకు ఒక తెల్లటి చిన్న కారు షెడ్డు ముందు ఆగింది. మస్తాన్‌బీ ఉలిక్కిపడి లేచింది. స్టీరింగు పట్టుకుని మనిషి నడుపుతున్న కారు ఆవిడ చూసి ఆరేళ్ళయింది.

"మస్తాన్‌బీ గారంటే మీరేనాండి?" కిందికి దిగిన పెద్దాయన అడిగాడు. "నా పేరు నిశాంత్. లోపల మా ఆవిడ, జాహ్నవి."

పేర్లు వింటేనే ముసలివాళ్ళని తెలిసిపోతుంది. ఈ రోజుల్లో అలాంటి పేర్లు ఎవరు పెట్టుకుంటున్నారు? ఇద్దరూ ఎనభైకి అటూ ఇటూ ఉంటారు. జాహ్నవి దిగలేదు. ఎడమవైపు సీట్లో కూర్చుని కుడి అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించి ఉంచింది. పక్కన కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యేసినంత చనువు ఉంది ఆ చెయ్యి పెట్టడంలో. ఆవిడ చూపు ఎటూ కదలకపోవడం గమనించాక మస్తాన్‌బీకి విషయం అర్థమైంది.

"నలభై ఏళ్ళయిందండీ" అన్నాడు నిశాంత్, గొంతు తగ్గించి. "కంటి వెనక నరం ఎండిపోయింది. గోడలకి మందు కనిపెట్టారు గానీ దానికి కనిపెట్టలేదు."

"నాకు వినపడుతోంది" అంది జాహ్నవి లోపల్నుంచి. "చెవులు బానే ఉన్నాయి."

డాష్‌బోర్డు చూసి మస్తాన్‌బీ పెదవి విరిచింది. తొంభై నాలుగేళ్ళ ప్లాస్టిక్కు, ఈ ఇద్దరికంటే పెద్దది. ఎండకు పైభాగమంతా బీటలువారింది. అద్దం పక్కన ఒక మూల పైకి లేచి వంకర తిరిగింది. ఎప్పుడో దేవుడి బొమ్మ అంటించి తీసేసిన చోట జిగురు మరక గట్టిపడి ఉంది. వేలితో రాస్తే బూడిదలాంటి పొడి రాలుతోంది. ఆ పొడే అసలు సమస్య. అది ఊపిరితిత్తుల్లో చేరుతోందని కొత్త నిబంధన వచ్చింది. ఒకటో తారీఖు నుంచి, మనుషులు కూర్చునే చోట మానుపొర లేని పాత వాహనం రోడ్డెక్కకూడదు. పొరపత్రం లేకపోతే బండిని తీసుకెళ్ళి నూర్పిడి కేంద్రంలో పిండి చేసేస్తారు. పరీక్షాధికారి ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఆటోనగర్ వస్తాడు. ఈ నెలకు అదే ఆఖరి రోజు.

"పర్లేదు బాబాయిగారూ, కొత్తదానిలా చేసిస్తాను" అని మస్తాన్‌బీ పుట్టీ డబ్బా మూత తీసింది.

ఆ వాసనకు జాహ్నవి ముఖం ఇటు తిప్పింది. "ఏంటమ్మా అది?"

"పుట్టీ పిన్నిగారూ. ముందు పగుళ్ళు పూడ్చేసి, నున్నగా చేసి, దాని మీద కవరు వేస్తాను."

"పూడుస్తారా? నిశాంత్, కవరన్నావుగా? కవరంటే గుడ్డదనుకున్నాను. కావాలంటే ఎత్తి చూసుకోవచ్చనుకున్నాను."

జాహ్నవి రెండు చేతులూ డాష్‌బోర్డు మీద పరిచి దాన్ని కావలించుకున్నట్టు వంగింది. "వద్దమ్మా. మూత పెట్టేయండి."

"వేయించకపోతే కారే ఉండదు జానూ" అన్నాడు నిశాంత్. "ఎన్నిసార్లు చెప్పను?"

మస్తాన్‌బీకి మొదట చిరాకే వేసింది. మధ్యాహ్నానికి షెడ్డు నిప్పుల కొలిమి అవుతుంది, పని చూస్తే కొండంత ఉంది. ఈ పెద్దావిడ పేచీ ఏమిటి? కానీ ఆ చేతులు లాగి తీయడానికి మనసు రాలేదు. వెనక తలుపు తీసి సీట్లో కూర్చుంది.

"ఏముంది పిన్నిగారూ ఇందులో? పగుళ్ళే కదా."

జాహ్నవి నవ్వుతున్నట్టే మొదలుపెట్టింది. "పోయిన కార్తీకంలో ఏమైందో చెప్తాను విను. మందుల షాపుకెళ్ళి వస్తూ లిఫ్టులో మా మూడో అంతస్తు దాటేసి నాలుగులో దిగాను. తలుపు తీసుంది. చెయ్యి తగలగానే దానికంటించిన పలుకుపట్టీ 'ఇది తలుపు' అంది. లోపలికెళ్తే 'ఇది సోఫా' అంది. మా ఇంట్లోనూ అదే తలుపు, అదే నునుపు. కూర్చుని, 'నిశాంత్, కాఫీ పెట్టు' అన్నాను. ఆ ఇంట్లో ఒంటిగా ఉండే కుర్రాడెవరో, పాపం, ఏమీ అనకుండా పెట్టి తెచ్చాడు. కాఫీ బ్రహ్మాండంగా ఉంది. అప్పుడొచ్చింది నాకు అనుమానం."

"చాల్లే" అన్నాడు నిశాంత్.

"నవ్వుతూ చెప్తున్నాను గానీ తల్లీ, ఆ రోజు నుంచి ఒక్కదాన్నీ గుమ్మం దాటలేదు. వెనకటికి మా గడప మధ్యలో అరిగి ఉండేది, కాలు పెట్టగానే మా ఇల్లని తెలిసేది. కుర్చీ చెయ్యి వదులుగా ఉంటే అది నాది. ఇప్పుడు ఏది ముట్టుకున్నా ఇవాళే కొన్నట్టుంటుంది."

"పలుకుపట్టీల్లో పేరు పెట్టించుకోవచ్చుగా?"

"పెట్టించాడు. 'ఇది జాహ్నవి గారి కుర్చీ' అంటుంది. ఎవరో పరాయివాళ్ళని పరిచయం చేస్తున్నట్టుంటుంది." ఆవిడ వేళ్ళు డాష్‌బోర్డు మీద నెమ్మదిగా నడిచాయి. "ఇందులో కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదిగో, ఈ పొడుగు బీట భద్రాచలం వెళ్ళినప్పటిది. మే నెల, నీడ దొరక్క ఎండలో ఆపాం. ఈ అంచు చూడు, చిన్నచిన్న నొక్కులున్నాయా? మా అమ్మాయి పాలపళ్ళు. పళ్ళొచ్చేటప్పుడు ఇదే కొరికేది. ఇప్పుడు దానికి యాభై రెండు, రాజమండ్రిలో హెడ్‌మిస్ట్రెస్. ఈ లోకంలో నేనెక్కడున్నానో నాకు తెలిసే చోటు ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా నున్నగా చేసేస్తే నేనిక ఎక్కడ కూర్చోను?"

మస్తాన్‌బీ కిందికి దిగి కుళాయి దగ్గరకు పోయి చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్ళీ కడిగింది. తను పరిచిన పొరలు ఈ ఊళ్ళో ఎన్ని బల్లల మీద, ఎన్ని గడపల మీద ఉన్నాయో ఆవిడకే లెక్క లేదు. అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నవాళ్ళే. కళ్ళున్నవాళ్ళు మెచ్చుకున్నారన్న సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. ఆవిడకు సిగ్గేసింది. తిరిగి వచ్చి పుట్టీ డబ్బా మూత బిగించి అవతల పెట్టింది.

"పిన్నిగారూ, పూడ్చను. ఉన్నది ఉన్నట్టుగా గుంట పట్టిస్తాను. పొర ఈ పగుళ్ళలోకి దిగాలి. ఎక్కడెక్కడ ఏముందో మీ వేళ్ళకి తెలిసినట్టు నాకు తెలీదు. మీరు నాతోపాటు అద్దాలి. చేస్తారా?"

"ఏం చెయ్యాలో చెప్పు" అంది జాహ్నవి, అప్పటికే చీర కొంగు దోపుకుంటూ.

అన్నిటికంటే పలచని పొర తీసింది మస్తాన్‌బీ. నిశాంత్‌కు వెచ్చదీపం ఇచ్చి, ఎక్కడ చెప్తే అక్కడ చూపించమంది. రాలే పొడిని మెత్తటి బ్రష్షుతో తుడిచి, పొర వెచ్చబెట్టి పరిచింది. జాహ్నవి వేళ్ళు ముందు నడుస్తుంటే వెనక తన గోటితో, పుల్లతో, చెంచా వెనకవైపుతో నొక్కుతూ పోయింది. పొర ఒక్కొక్క బీటలోకి దిగి అంటుకుంది. పాలపళ్ళ నొక్కుల దగ్గర జాహ్నవి చిటికెనవేలు గోరు వాడింది. ముగ్గురూ చెమటతో తడిసిపోయారు.

"ఇక్కడ కాస్త లోతుగా అద్దమ్మా" అంది జాహ్నవి, స్టీరింగుకు ఎడమ పక్కన చక్రంలా చీలిన చోట చెయ్యి పెట్టి. "ఇది నిశాంత్ గుద్దినప్పటిది."

నిశాంత్ దీపం పక్కకు తిప్పాడు. "నేను గుద్దడమేంటి?"

"కళ్ళ డాక్టరు ఇక లాభం లేదన్న రోజు. నన్ను కార్లో కూర్చోబెట్టావు. అప్పటికింకా వెలుతురూ చీకటీ తెలిసేవి. నేను నిద్రపోయాననుకుని పిడికిలితో గుద్దావు. తర్వాత మజ్జిగ తెస్తానని దిగి, ముప్పావుగంటకి వచ్చావు. మజ్జిగ తేలేదు."

నిశాంత్ దీపాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నలభై ఏళ్ళు చెప్పలేదేం?"

"చెప్తే ఏడ్చేవాడివి. చెయ్యి వాచిందా ఆ రోజు?"

"వాచింది" అన్నాడాయన. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మస్తాన్‌బీ తన కొంగుతో తుడిచి, ఏమీ జరగనట్టు పనిలో పడింది.

పని చివరికొచ్చేసరికి రెండున్నర దాటింది. ఆఖరి పొర, డాష్‌బోర్డులో సామాను పెట్టుకునే అరకున్న మూత మీద పడింది. జాహ్నవి మొదటినుంచీ మళ్ళీ తడుముకుంటూ వచ్చింది. భద్రాచలం ఉంది, పాలపళ్ళు ఉన్నాయి, పిడికిలి ఉంది. ముఖం విప్పారింది. అంతలోనే వేళ్ళు ఆగాయి.

"ఇది గట్టిపడ్డాక ఇక కొత్తవి పడవా?"

మస్తాన్‌బీ అబద్ధం చెప్పలేకపోయింది. "పడవు పిన్నిగారూ. పడ్డా మానిపోతాయి."

"అయితే మనం ఇవాళ ఇక్కడికి వచ్చినట్టు ఇందులో ఉండదన్నమాట. రేపు ఎక్కడికెళ్ళినా ఉండదు." ఆవిడ మూత మీద వేలు పెట్టింది. "గట్టిపడటానికి ఇంకా ఎంత టైముంది?"

"ఈ మూత మీద ఆరు నిమిషాలు."

నిశాంత్ గబగబా దీపం పక్కన పెట్టాడు. "జానూ, నా చెయ్యి నొక్కనా? అరచెయ్యి అచ్చు పడుతుంది. ఎప్పటికీ ఉంటుంది. నేను లేకపోయినా..."

"వద్దు."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నీ అచ్చు నాకెందుకు? చెయ్యే ఉందిగా. అచ్చు పెట్టించుకుంటే నువ్వు పోవడానికి నేను సిద్ధపడిపోయినట్టుంటుంది. నేను సిద్ధంగా లేను." ఆవిడ మస్తాన్‌బీ వైపు తిరిగింది. "అమ్మా, ఈ మూత మీద కాస్త వదిలెయ్యకూడదూ? ఉత్త ప్లాస్టిక్కుగా. ఎంతో అక్కర్లేదు."

మస్తాన్‌బీ నిబంధన గుర్తు చేసుకుంది. బొత్తాలూ మేకులూ ఉన్న చోట అరచేతి మేరకు మించకుండా పొర లేకపోయినా ఒప్పుకుంటారు. మూతకు తాళం బొత్తం ఉంది. ఆవిడ బ్లేడు తీసుకుంది. తన చెయ్యి పెట్టి కొలుచుకుందామనుకుని, మళ్ళీ నిశాంత్ చెయ్యి లాగి మూత మీద పెట్టి చుట్టూ కోసింది. ఆయనది పొడవాటి చెయ్యి. ఆరో నిమిషానికి ముందే ఆ ముక్క ఒలిచి తీసేసింది. కింద పాత బూడిదరంగు ప్లాస్టిక్కు బయటపడింది.

నాలుగింటికి పరీక్షాధికారి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, భారీ మనిషి. మెడలో ధూళిమాపకం వేలాడుతోంది. చొక్కా మీద పేరు లేదు, నంబరుంది. అందరూ పరీక్ష సారు అంటారు. ఆయన సూదితో డాష్‌బోర్డు మీద గీత గీసి, అది మానేదాకా నిలబడి చూశాడు. గీత పోయింది. పగుళ్ళు అలాగే ఉన్నాయి.

"ఇదేంటమ్మా, ఇవి మానలేదు?"

"మానినయి సార్. మానిన రూపమే ఇది."

"గుంట పట్టిందని చెప్పొచ్చుగా" అని ఆయన నవ్వాడు. "నీ పని గుంట పట్టడం ఏంటి మస్తాన్‌బీ?"

"నేనే పట్టించాను సార్" అంది ఆవిడ. ఆ మాట పైకి అనడానికి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో ఆవిడకే తెలుసు.

ధూళిమాపకం డాష్‌బోర్డంతా పచ్చగానే వెలిగి, అర మూత దగ్గరకు రాగానే ఎర్రబడి కూసింది. ఆయన వంగి కొలిచాడు. "అరచేతి మేర దాటింది. మాపకంలో ఉన్న అరచేతి కంటే రెండు వేళ్ళు ఎక్కువ. ఇలా అయితే పత్రం ఇవ్వడానికి లేదు."

మస్తాన్‌బీ వంగి ఆ ఖాళీ చూసింది. పొడవాటి చెయ్యి పెట్టి కోసింది తనే. ఇప్పుడు అతుకు వేద్దామన్నా నలభై నిమిషాలు ఈయన ఆగడు, రేపు ఒకటో తారీఖు. ఆవిడ ఏదో అనబోయేలోపు జాహ్నవి అంది, "ఎవరి అరచెయ్యి బాబూ?"

"అంటే?"

"నిబంధనలో అరచేతి మేర అని రాశారు కదా. ఎవరిదని రాశారు?"

పరీక్షాధికారి జేబులోంచి పలక తీసి నిబంధన పైనుంచి కిందిదాకా చదివాడు. ఎవరిదని ఎక్కడా లేదు. ఆయన మూత మీద ఉన్న జాహ్నవి చేతిని చూశాడు, పక్కన నిలబడ్డ నిశాంత్‌ను చూశాడు. జాహ్నవి చెయ్యి తీసి చోటిచ్చింది. ఆయన మాపకాన్ని వెనక్కి తోసుకుని, తన కుడిచేతిని ఆ ఖాళీ మీద ఆనించి గట్టిగా అదిమాడు. ఒకప్పుడు ఆటోనగర్‌లో బండి చక్రాలు విప్పిన వంశంలాగుంది, పెద్ద చెయ్యి. ఖాళీ మొత్తం దాని కింద దాగిపోయింది.

"సరిపోయింది" అన్నాడు. "అరచేతి మేరే. పత్రం రాసిస్తాను."

ఆయన చెయ్యి తీస్తుంటే చిటుక్కుమంది. ఎండిపోయిన ప్లాస్టిక్కు ఆ బరువుకు గోరంత పెచ్చు లేచింది. "అయ్యో, సారీ అండీ, సారీ" అని అలవాటుగా అది మానడం కోసం చూశాడు. మానలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. తన చేతి వల్ల ఒక వస్తువుకు దెబ్బ తగిలి, తగిలినట్టే ఉండిపోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

జాహ్నవి వేలు అప్పటికే అక్కడికి చేరింది. పెచ్చు అంచు చుట్టూ ఒకసారి తిరిగింది. "మీ పేరేంటి బాబూ?"

"పేరా అండీ?" ఆయన చొక్కా మీది నంబరు వంక చూసుకున్నాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "ఏడుకొండలండి."

"ఇంత చిన్న గుంటకి ఏడుకొండలా!" ఆవిడ గలగలా నవ్వింది. తర్వాత వేలు మళ్ళీ మొదటినుంచీ తిప్పుతూ, బడిలో చదివినట్టు నెమ్మదిగా అంది. "ఏడుకొండలు. ఆటోనగర్. చెయ్యి పెద్దది."

ఆయన పత్రం రాసి నిశాంత్ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. రోడ్డు దాకా వెళ్ళి, ఎండలో కాసేపు నిలబడి, వెనక్కి వచ్చాడు.

"అది తర్వాతైనా మానిపోదు కదా మస్తాన్‌బీ?"

"మానదు సార్."

"నా పేరు ఒకచోట ఉందంటే మా అమ్మాయి నమ్మదండీ" అన్నాడాయన కారు కిటికీ దగ్గరకు వంగి, గొంతు సవరించుకుని. "ఆదివారం తీసుకొచ్చి చూపించొచ్చా?"

"చూడటానికేం లేదు బాబూ, కళ్ళు మూసుకుని తడమాలి" అంది జాహ్నవి. "తీసుకురండి, నేర్పిస్తాను."